పెరటి పిట్టగూటికి నీడయు కాపును



నేను పల్లెబడులలో ముప్పది యేండ్లు పాఠములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. పక్షిశాస్త్రము చదివినవాడను గాను. ఇబ్రహీంపట్నములోని మా యింటి పడమటి గోడకు ఆరేండ్ల క్రిందట నా చేతులతో నేనే యొక రేకుడబ్బా కట్టితిని. ఊరపిచ్చుకలు వచ్చి అందులో కాపురము పెట్టవలెనని నా కోరిక. అవి వచ్చినవి, గూడు అమర్చుకొన్నవి, గ్రుడ్లు పెట్టినవి, పిల్లలను చేసినవి. వైశాఖమాసమున ఒకనాటి మధ్యాహ్నము ఆ పిల్లలు మూడును డబ్బాలోనే ఉడికి చచ్చినవి. నేడు నేను చెప్పబోవు సంగతులలో సగము ఆ డబ్బా నేర్పినవే. తక్కిన సగము మా యూరి వడ్రంగియు, కుమ్మరియు, కొన్ని పుస్తకములును నేర్పినవి.

మా యూరు హైదరాబాదునకు ఆగ్నేయదిక్కున, నాగార్జునసాగరము పోవు బాటమీద నున్నది. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసిన యూరు. ఆయన కాలపు పెద్దచెరువు నేటికిని కలదు. చెరువు నిండిన యేటికిని ఎండిన యేటికిని మా యూరి పిట్టలలో ఎంత భేదమో ముసలివారికి నేను చెప్పనక్కరలేదు. కాని నేను చెప్పదలచినది చెరువు పిట్టలను గూర్చి గాదు; ఇంటిని నమ్ముకొని బ్రదుకు పిట్టలను గూర్చి.

నా చిన్ననాట మాది మట్టిగోడల యిల్లు. గోడ మందము మూరెడున్నర. పైన దూలములు, వానిపై వాసములు, వాసములపై గూనపెంకులు. గోడకును వాసమునకును నడుమ అరచేయి పట్టునంత సందులు వరుసగా నుండెడివి. ఆ సందులన్నియు పిచ్చుకల సొత్తు. మా నాయనమ్మ వానికి ఇల్లరికపుటల్లుళ్లని పేరు పెట్టినది: అడుగకయే వచ్చును, తినును, అరచును, ఊడ్చిన వసారాలో గడ్డి రాల్చును, పొమ్మన్నను పోదు. పంట యింటికి చేరినపుడు మా తాతగారు మొదటి వరికంకులతో కుచ్చు అల్లించి వసారా దూలమునకు కట్టించెడివారు. దానిని నెలరోజులలో పిచ్చుకలు ఖాళీ చేసెడివి.

ఆ సందును గూర్చి ఇప్పుడు తరచుగా ఆలోచింతును. దానికి ఎండ తగులదు. చూరు రెండడుగులు ముందుకు వచ్చియుండును. పెంకుల క్రిందిగాలి ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు ఆడుచుండును. మట్టిగోడ పగటి వేడిని నెమ్మదిగా త్రాగి, రాత్రి చల్లగాలికి నెమ్మదిగా విడుచును. పిల్లికి అచ్చట కాలు మోపుటకు పట్టు లేదు. కాకికి ముక్కు దూరునేగాని ఒడలు దూరదు. ఎలుకలకొరకు పెంకులలో తిరుగు జెర్రిపోతు అప్పుడప్పుడు ఒక గూడు ఖాళీ చేయుట నిజమే; అయినను పది గూళ్లలో ఒకటి పోయిన తొమ్మిది నిలిచెడివి. మన పెద్దలు పిచ్చుకలకొరకని ఆ సందులను విడిచినవారు గారు. పెంకుటింటి పనితనములోనే అవి యున్నవి. అందుచేతనే ఆ యింటిని పడగొట్టినపుడు పిచ్చుకల యిల్లును గూడ పడగొట్టుచున్నామని మాకెవ్వరికిని తోచలేదు.

మేము పదునాలుగేండ్ల క్రిందట ఇల్లు పడగొట్టి స్లాబు వేసితిమి. నున్నని గోడలు, అద్దపు కిటికీలు, ఒక్క సందు లేదు. ఎలుక రాదని సంతోషించితిమి. పిచ్చుకయు రాదని రెండు మూడేండ్లకు తెలిసినది. మా వీధిలో ఒకరి వెంట ఒకరు ఇండ్లు కట్టిరి. ఊరి చుట్టు పొలములు ఇంటిస్థలములయ్యెను. ఒకనాడు మా మనుమరాలు వాచకములోని బొమ్మను చూపి, "తాతా, ఈ పిట్ట మనింటికెందుకు రాదు?" అని అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానముగా కట్టినదే ఆ రేకుడబ్బా.

ఇచ్చట ఒక మాట. పిచ్చుక లోకమునుండి మాయమైపోవుచున్నదని పలువురు భయపడుదురు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిని గూర్చిన నివేదిక, దేశము మొత్తము మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలుకడగానే యున్నదనియు, పెద్ద నగరములలో మాత్రము క్రమముగా తగ్గుచున్నదనియు చెప్పినది. సెల్ ఫోను స్తంభములే పిచ్చుకలను చంపుచున్నవను ప్రచారమునకు తగిన సాక్ష్యము లేదనియు అందులోనే కలదు. ఈ మాట వినిన పిదప నాకు ఊరట కలిగినది, సిగ్గును కలిగినది. స్తంభములను తిట్టుచు కూర్చున్నంత కాలము మన గోడలలో సందులు లేవన్న సంగతి మనము చూడనక్కరలేదుగదా! నగరము పెరిగి పెరిగి మా యూరివంటి చోట్లకు వచ్చుచున్నది. పిచ్చుకకు చోటు మిగుల్చుటయో లేదో నిర్ణయించువారము ఇప్పుడు మనమే.

ఇక డబ్బా కథ. అది నూనె తెచ్చుకొన్న రేకుడబ్బా. మూత మూసి, ప్రక్కను ఉలితో రంధ్రము కొట్టి, అంచులు మడిచి, మేకుకు వ్రేలగట్టితిని. పడమటి గోడకే యెందుకనగా నా కుర్చీ అచ్చట నుండి కనబడును. నా వినోదము చూచుకొంటినిగాని పిట్ట సౌఖ్యము చూడలేదు. చైత్రమున మగపిచ్చుక, మెడక్రింద నల్లనిమచ్చ గలది, వచ్చి రంధ్రము ముందు నిలిచి అరచినది. వారములో పెంటి వచ్చినది. ఎండుగడ్డి, కోడియీక, మా మనుమరాలి జడకుచ్చు దారము, అన్నియు లోపలికి పోయినవి. నాలుగు గ్రుడ్లు; అందులో మూడు పగిలి పిల్లలైనవి.

పిల్లలు పుట్టిన ఆరవనాడో యేడవనాడో, పగలు రెండు గంటలవేళ మనుమరాలు పరుగెత్తుకొని వచ్చి, "తాతా, పిట్టపిల్లలు నోర్లు తెరుస్తున్నయి, అరుస్తలేవు" అన్నది. ఆకలి యనుకొంటిని. నిచ్చెన వేసికొని పోయి డబ్బామీద చేయి వేసినంతనే చురుక్కుమని తీసితిని. నేను చేయి పెట్టలేని డబ్బాలో అవి యున్నవి. డబ్బాను విప్పి నీడకు తెచ్చితిమి, నీళ్లు చల్లితిమి, అప్పటికే ఆలస్యమైపోయెను. తల్లి పచ్చని పురుగు నోట కరచుకొని వచ్చి, డబ్బా లేని మేకుమీద వ్రాలి, దిగి, మరల వ్రాలి, ప్రొద్దు వాలువరకు అట్లే తిరిగినది. మనుమరాలు ఏడ్చినది. నన్ను ఒక్క మాట అనలేదు. అనియున్న నాకు మేలుగ నుండెడిది.

తరువాత తెలిసికొన్నాను. పిట్టలకు చెమటపట్టు గ్రంథులు లేవు. పెద్దపిట్ట వేడి పుట్టినపుడు నోరు తెరచి రొప్పును, నీడకు పోవును, నీళ్లు త్రాగును. పుట్టిన పిల్లకు వెండ్రుకయైన లేదు, తన యొంటివేడిని తాను అదుపులో నుంచుకొను శక్తియు మొదటి వారమున లేదు. రొప్పుటయొక్కటే దానికి తెలిసిన ఉపాయము. రొప్పినకొలది ఒంటిలోని నీరు పోవును. దానికి వచ్చు నీరెల్ల తల్లి తెచ్చు పురుగుల రసములోనిదే. గ్రుడ్డు సంగతి మరియు సున్నితము. తల్లి పొదుగు వేడి ఇంచుమించు 37 డిగ్రీలు. 41 డిగ్రీలు దాటి కొంతసేపు నిలిచినచో లోని పిండము చచ్చును. గ్రుడ్డునకు చలికంటె వేడియే శీఘ్రమృత్యువు. మన సీమలో వైశాఖ జ్యేష్ఠములలో నీడలోనే 42, 43 డిగ్రీలు వచ్చు దినములు కలవు. 2015 మే నెల వడగాలికి రెండు తెలుగు రాష్ట్రములలో రెండువేలకు పైబడి మనుష్యులే మరణించిరి. రోహిణికార్తెలో రోళ్లు పగులునని సామెత. రోలు పగులు ఎండలో రేకుడబ్బాలోని పిల్ల బ్రదుకునని నేనెట్లు తలచితినో!

మరుసటి యేడు వడ్రంగి యింటికి పోయి సంగతి చెప్పితిని. ఆయన నా డబ్బాను అటునిటు త్రిప్పి చూచి, "సారూ, ఇది గూడు గాదు, పొయ్యి" అన్నాడు. ఇద్దరము కూర్చుండి పాత పెంకుటింటి సందును జ్ఞాపకము చేసికొనుచు ఒక పెట్టె చేసితిమి. దాని కొలతలు చెప్పెదను. కావలసినవారు కాగితమున వ్రాసికొనవచ్చును.

చెక్క ముక్కాలంగుళము మందమునకు తగ్గరాదు. పలుచని చెక్కయు రేకువంటిదే. వేపయైనను, మామిడియైనను, పాత తలుపు ముక్కలైనను సరియే. లోపలి నేల ఐదంగుళముల చదరము. ఎత్తు ఎనిమిది తొమ్మిది అంగుళములు. రంధ్రము నేలకు ఐదారంగుళముల పైని, అంగుళముంబావు వెడల్పు, అనగా 32 మిల్లీమీటర్లు. ఇంతకు మించిన గోరింక దూరి పిచ్చుకను తరుమును. ఇంతకు తగ్గిన పిచ్చుకయే దూరదు. రంధ్రము క్రింద పిట్ట నిలుచుటకని పుల్ల గ్రుచ్చుదురు. చూడ ముచ్చటగ నుండునుగాని పిచ్చుకకు అది అక్కరలేదు, కాకికిని పిల్లికిని మాత్రము మెట్టుగా ఉపయోగపడును. ఆ పుల్లను పెట్టవలదు.

వేడికి సంబంధించినది పైకప్పు. కప్పును ముందునకు మూడంగుళములు సాగదీయవలెను, అదియే చూరు. కప్పుక్రింద ఇరుప్రక్కల చిటికెనవ్రేలు పట్టు రంధ్రములు రెండేసి మూడేసి తొలువవలెను. వేడిగాలి పైకెక్కును గనుక అచ్చటినుండియే పోవలెను. నేలపలక నాలుగు మూలల చిన్నరంధ్రములు తొలిచిన వానజల్లు నిలువదు. పిమ్మట కప్పుమీద రెండు సన్నని బద్దలు వైచి, వానిపై తాటాకుచాపనో గడ్డినో కట్టవలెను. బద్దలు అంగుళమెత్తు ఉండవలెను. పై కప్పు ఎండను పట్టును. నడిమి గాలి ఆ వేడిని కొనిపోవును. క్రిందికప్పు చల్లగ నుండును. పొలములో మంచె మీద కూర్చుండినవారికి ఇందులో క్రొత్త యేమియు లేదు. బయట సున్నము కొట్టవచ్చును, తెలుపు ఎండను త్రిప్పికొట్టును. లోపల మాత్రము రంగుగాని, వార్నీసుగాని తగులరాదు. పిల్ల కాలిగోళ్లు పట్టి పైకెక్కుటకు గరుకుచెక్కయే కావలెను. ప్రక్కపలక ఒకటి మరమేకుతో ఊడునట్లు పెట్టిన, పిల్లలు ఎగిరిపోయిన పిమ్మట పాతగూడు తీసి పురుగు దులుపుటకు వీలగును.

పెట్టె ఎంత మంచిదైనను చోటు చెడినచో నిష్ఫలము. ఉత్తరముగనో తూర్పుగనో ముఖముండవలెను. మధ్యాహ్నము మొదలు సాయంకాలము వరకు నీడ పడవలెను. స్లాబుయింటి పడమటి గోడ ప్రొద్దుగ్రుంకిన పిదప గూడ చాలసేపు కాగుచుండును. ఆ గోడను తాకించి పెట్టె కట్టుట పనికిరాదు. వసారాలో దూలమునకు, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున కట్టుట మేలు. అయితే వసారాలో తిరుగు పంకా ఉన్నచో దానికి దూరముగా కట్టవలెను. పంకా రెక్కలు తగిలి చచ్చు పిచ్చుకలెన్నియో. కట్టకముందు ఒక్క దినము లోపల ఉష్ణమాపకము పెట్టి రెండుగంటలకు తీసి చూచినచో సందేహము తీరును. నేనట్లు చేసితిని. పోల్చి చూచుటకు పాత రేకుడబ్బాను దాని పాతచోటనే మరల వ్రేలగట్టితిని. డబ్బాలో పాదరసము చివరిగీతకు పోయి నిలిచినది. వసారాపెట్టెలో బయటి నీడకంటె ఒకటి రెండు గీతలు మాత్రమే హెచ్చినది.

వడ్రంగిని పిలుచుకొనలేనివారికి కుమ్మరి యున్నాడు. మూతి ఇరుకుగా నుండు మట్టిపిడతను అడ్డముగా పరుండబెట్టి తాడుతో కట్టిన చాలును. మట్టి గాలి పీల్చును, రేకువలె కాగదు. అడుగున నీరు పోవుటకు ఒక రంధ్రముండవలెను. అయితే ఈ పిడతతోనే నాకు రెండవ దెబ్బ తగిలినది. పెట్టె సిద్ధమగులోపున ఒక పిడతను జామకొమ్మకు కట్టియుంటిని. మూతి వెడల్పు చూచికొనలేదు. మా యింటి పిల్లి, మేము పాలు పోసి పెంచినది, ప్రహరీమీద పడుకొని మూడు దినములు దానినే చూచినది. దానిని చూచి మేము నవ్వుకొంటిమి. నాలుగవనాడు కొమ్మమీదికి దూకి మూతిలో చేయి పెట్టి పొదుగుచున్న పెంటిని లాగికొన్నది. మా మనుమరాలు ఈసారి నన్ను గట్టిగనే అడిగినది: "నువ్వు చూస్తనే ఉన్నవు గద తాతా?"

పిల్లికి అందరాని చోటేదియో మన వంటింటికి తెలియనిది గాదు. పూర్వము ఉట్టి ఎందుకు కట్టిరి? పాలకుండ గోడకు దూరముగా, నేలకు ఎత్తుగా, దూలము నడుమ వ్రేలాడవలెనని. గూటికిని అదే నియమము: నాలుగువైపుల ఐదారడుగుల దూరములో ప్రహరీ, కిటికీచట్టము, కొమ్మ, ఎత్తుపీట, ఏదియు నుండరాదు. పిల్లి దూకుడును మనము ఎప్పుడును తక్కువగనే అంచనా కట్టుదుము. పిల్లలు గూడు విడిచి క్రిందికి దిగు రెండు మూడు దినములు, అనగా పుట్టిన రెండు వారములకు, ఇంటిపిల్లిని గదిలో నుంచుట కష్టమేమియు గాదు.

చెట్టుకో గుంజకో కట్టదలచినచో పాము, ఎలుక, పిల్లి మూడింటికిని ఒకే కాపు కలదు. కోనసీమలో కొబ్బరిచెట్ల మొదళ్లకు ఎలుకలెక్కకుండ రేకు చుట్టుటను చూచియుందురు. అట్టి నున్నని రేకును రెండడుగుల వెడల్పున, మనిషియెత్తునకు దగ్గరగా చుట్టిన గోళ్లకు పట్టు దొరకదు. ఇచ్చట రేకు మంచిదే. గూడు కట్టుటకే అది చెడ్డది. ప్రక్కచెట్ల కొమ్మలు తగులుచున్నచో రేకు వలన ఫలము లేదు. పాము ఆ దారినే వచ్చును. జెర్రిపోతు గూటికి వచ్చినదని దానిని చంపవలదు. దానికి విషము లేదు. చేనిలో ఎలుకలను తిని మన ధాన్యము కాచునది అదియే. గూటిని దానికి అందకుండ కట్టుట మన పని.

చీమల సంగతి చాలమంది తలపెట్టరు. కన్ను తెరవని పిల్లలను చీమలబారు ఒక్క రాత్రిలో తినివేయును. వంటింటి బీరువాకాళ్ల క్రింద నీటిగిన్నెలు పెట్టుట మన యిండ్లలో వాడుకయే. గూటిని వ్రేలగట్టు తీగె నడుమ చిన్న నీటిచిప్ప గ్రుచ్చిన అదియే పని చేయును. పురుగుమందు చల్లుట మాత్రము చేయరాదు. పిచ్చుక గింజలు తినును గాని పిల్లలకు మొదటి దినములలో పెట్టునది పురుగులనే. మన పెరటి కూరమళ్లలో మందు కొట్టిన వారము, అచ్చట పురుగు దొరకదు, దొరికినది విషమై యుండును. పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమను సామెతను మనము ఎగతాళికి వాడుదుము. మందుసీసా చేతబట్టినపుడు అది ఎగతాళి గాదు.

మా తమ్ముని కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్నాడు. అతనికి నా పెట్టె పటము పంపితిని. అతడు నవ్వుచు తన పెరటిలోని పెట్టె పటము పంపినాడు. అదియు ఇంచుమించు ఇట్టిదే. కాని దానిలోనిది పిచ్చుక గాదు, నీలివన్నె వీపును ఎఱ్ఱని రొమ్మును గల చిన్నపిట్ట. ఆ దేశమున ఈ నీలిపిట్టలు తగ్గిపోగా, 1934లో ఇల్లినాయి రాష్ట్రమున మసెల్మన్ అను ఉపాధ్యాయుడు బాటల వెంబడి వరుసగా పెట్టెలు కట్టించెను. 1978లో లారెన్సు జెలెనీ అను నతని పూనికతో నీలిపిట్టల రక్షణకే యొక సంఘము స్థాపింపబడెను. వారును ఎండకు రెట్టింపు కప్పు వేయుదురు. పాములకు గుంజ చుట్టును రేకు కట్టుదురు. అంతవరకు మనదారియే. వారి నీలిపిట్టకు ప్రధానశత్రువు ఎవరనుకొనుచున్నారు? మన ఊరపిచ్చుక! 1851లో ఇంగ్లాండునుండి దానిని బ్రూక్లిన్ నగరమునకు తెచ్చి విడిచిరి. అది దేశమంతయు ప్రాకి నీలిపిట్టల తొఱ్ఱలను ఆక్రమించుచున్నది. "పెద్దనాన్నా, మీరు పిలిచి పీట వేయు పిట్టను మేము తరుముచున్నాము" అని అతడు వ్రాసినాడు. తన గడ్డమీద అది ఇంటి పిట్ట. పరుల గడ్డమీద దోపిడికాడు. అందుచేత పుస్తకములోని ఉపాయమునైనను మన యూరి పిట్టను చూచి వాడవలెనుగాని చూడక వాడరాదు.

మనకును నీలిపిట్ట కలదు. దసరానాడు చూడవలెనని పరుగులెత్తు పాలపిట్ట. 2014లో తెలంగాణ దానిని రాష్ట్రపక్షిగా స్వీకరించినది. అది పెరటిపెట్టెలో కాపురముండదు. చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు ఎండిన తాటిమొద్దులలోను, ముసలిచెట్ల తొఱ్ఱలలోను గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పెట్టినది మొదలు పిల్ల ఎగురువరకు ఏడెనిమిది వారములు పట్టును. పొలముగట్టున తల తెగిన తాటిమోడు చూచినంతనే పొయ్యిలోనికని కొట్టించుట మన యలవాటు. కొట్టింపవలసియున్న వానకాలము గడచువరకు ఆగుడు. పండుగనాడు దానిని పంజరమున పెట్టి త్రిప్పి డబ్బులడుగువారికి ఒక్క పైసయైన ఈయకుడు. దానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి నేరము.

గోరింకకును, పెద్ద నల్లంచికిని పెట్టె కట్టవచ్చును. గోరింకకు రంధ్రము రెండంగుళములు కావలెను. మిగిలిన కట్టుబాట్లన్నియు అవియే.

గూటినుండి జారిపడిన పిల్లను మనుష్యుడు తాకిన తల్లి చేరనీయదను మాట మా చిన్ననాటినుండి వినుచున్నదే. అది నిజము గాదు. వెండ్రుక లేని పిల్లయైనచో మెల్లగా తీసి గూటిలో పెట్టి దూరముగ తొలగిన తల్లి వచ్చును. నేను రెండుసార్లు చూచితిని. రెక్కలు వచ్చి గెంతుచున్న పిల్లయైనచో దానిని పట్టనే వలదు. అది ఎగురుట నేర్చుకొనుచున్నది, తల్లిదండ్రులు చేరువలోనే యుందురు. పిల్లిని కుక్కను ఆపిన చాలును. 1931-32లో నిజాము రాజ్యమంతయు తిరిగి పక్షులను పరిశీలించిన సలీం అలీగారు 1985లో వెలువడిన తన స్వీయచరిత్రకు నేలగూలిన పిచ్చుక యను అర్థము వచ్చు పేరు పెట్టిరి. బాల్యమున తాను కొట్టిన పిచ్చుకయే తన్ను పక్షులవైపు త్రిప్పినదని ఆయన చెప్పుకొన్నారు. ఆయనతో నన్ను పోల్చుకొనుట హాస్యాస్పదము. అయినను ఆ పేరు చదివినపుడు నా డబ్బా నాకు గుర్తు వచ్చినది.

పెరటిలో వెడల్పు మట్టిమూకుడులో రెండంగుళముల లోతు మించకుండ నీళ్లు పెట్టుడు. నడుమ ఒక రాయి యుంచిన చిన్నపిట్ట మునుగదు. పిల్లి పొంచు పొదకు దూరముగా పెట్టవలెను. ప్రతిదినము పారబోసి క్రొత్తనీళ్లు పోయనిచో దోమలు పుట్టును. ఆ పాపము పిట్టలది గాదు.

వడ్రంగి చేసిన పెట్టె వసారాలో ఇప్పటికి నాలుగు వేసవులు చూచినది. మొదటి యేడు ఏ పిట్టయు దానివంక చూడలేదు. విప్పివేయుదమా యని నేననగా మనుమరాలు ఒప్పుకొనలేదు. రెండవయేడు మాఘమాసమున ఒక మగపిచ్చుక వచ్చినది. అది మొదలు ఏటేట రెండు కాన్పులు. గడచిన యేడు వైశాఖమున వడగాలి వీచిన వారమంతయు మనుమరాలు పలకమీద గీతలు గీయుచు, తల్లి పురుగు తెచ్చు మారులను లెక్కించినది. నేను పగలు రెండుగంటలకు లేచి పోయి ఆ పెట్టె కప్పుమీద చేయి పెట్టి చూచుచుంటిని. చేయి నిలిచినది. లోపల పిల్లలు అరచుచునే యుండెను.

ఆ రేకుడబ్బాను పారవేయలేదు. మూత కోసి పెరటిగదిలో పెట్టితిని. వడ్రంగి పనికి వచ్చినపుడు మేకులు అందులో పోసికొనును.